వైట్ వైన్‌ను 'తెల్లద్రాక్ష సారా' అనవచ్చా?

సందేహం: ఒక అనువాద కథలో 'ఆమె గ్లాసులో తెల్లద్రాక్ష సారా పోసింది' అని ఉంది. మూలంలో ఉన్నది వైట్ వైన్ అట. ఈ మాట సరైనదేనా?

సమాధానం: కాదండీ. 'సారా' అనగానే దాని వెంట వచ్చే క్రియ చూడండి: సారా 'కాస్తారు'. పులిసినదాన్ని మరిగించి, ఆ ఆవిరిని చల్లార్చి పట్టేదే సారా. వైన్‌ను ఎవరూ కాయరు. ద్రాక్షరసంలోని చక్కెరను ఈస్ట్ ఆల్కహాల్‌గా మారుస్తుంది, అంతే. ఆ వైన్‌ను కాస్తే వచ్చేది బ్రాందీ.

'తెల్లద్రాక్ష' మాటకు వద్దాం. నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇదే. నల్లద్రాక్ష పండొకటి తొక్క తీసి చిదిమి చూడండి. చాలా రకాల్లో రసానికి రంగే ఉండదు. రంగంతా తొక్కలోదే. పళ్లు పిండగానే తొక్కలు తీసేసి రసాన్ని మాత్రమే పులియబెడితే వైట్ వైన్. నల్లద్రాక్షను తొక్కలతో సహా పులియబెడితే రెడ్ వైన్. అందుకే ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతంలో పినో నువార్ అనే నల్లద్రాక్షతోనూ తెల్ల వైన్ చేస్తారు. జార్జియా దేశంలోనేమో తెల్లద్రాక్షను తొక్కలతోనే, భూమిలో పాతిన క్వెవ్రీ అనే మట్టి బానల్లో పులియబెడతారు. అది ముదురు తేనెరంగులో దిగుతుంది.

ఆ జార్జియాలోనే సుమారు 8,000 ఏళ్ల నాటి కుండపెంకుల్లో ద్రాక్ష వైన్ ఆనవాళ్లు దొరికాయి. వైట్ వైన్‌కు గట్టి సాక్ష్యం ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ సమాధిలోది. అక్కడి జాడీల మీద ఏ ఏడాది వైన్, ఎవరు చేశారు అని రాశారు గాని రంగు రాయలేదు. అడుగున మిగిలిన మడ్డిని పరీక్షించాక, కొన్నింటిలో ఉన్నది వైట్ వైన్ అని 2006లో తేల్చారు.

అసలు వైట్ వైన్ తెల్లగా ఉండదు, లేత పసుపు. అయినా 'తెల్ల' అనడంలో తప్పులేదు. 'తెల్లవాడు' అన్నప్పుడు ఒంటి రంగు పాలలా ఉందని కాదుగా!

బైబిల్ అనువాదంలోని 'ద్రాక్షారసం' చక్కని మాటే గాని, ఈ రోజుల్లో జ్యూస్ అనుకుంటారు. 'ద్రాక్షాసవం' అంటే ఆయుర్వేద మందు గుర్తొస్తుంది. 'ఆమె గ్లాసులో వైట్ వైన్ పోసింది' అంటే చాలు. తెలుగు చేయాలనిపిస్తే 'తెల్ల వైన్' అనండి.