రాత్రి యాత్రలో ఫొటోలు కదిలిపోతున్నాయి, కెమెరా ఏ మోడ్‌లో పెట్టాలి?

బరంపురం ఠాకురాణి యాత్రలో ఆటో మోడ్‌లో తీసిన పులివేషాలన్నీ అలికినట్టు వచ్చాయి, డయల్ దేని మీద పెట్టాలి అని అడిగారు. తప్పు మీ చేతిది కాదండీ. వెలుగు తక్కువైతే ఆటో మోడ్ షటర్‌ని, అంటే వెలుగుని కెమెరా లోపలికి వదిలే తెరని, ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది, ఆలోపు వేషగాడు గెంతేస్తాడు.

అందుకే షటర్ ఎంతసేపు తెరవాలో మీరే చెప్పే షటర్ ప్రయారిటీ మోడ్ పెట్టండి. నికాన్, సోనీల్లో 'ఎస్' అని, కానన్‌లో 'టీవీ' అని ఉంటుంది. 1/250 సెకను పెట్టి ఐఎస్ఓని, అంటే వెలుగుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకెని, ఆటోకి వదిలేయండి, లెన్స్ ఎంత తెరవాలో కెమెరాయే చూసుకుంటుంది. ఐఎస్ఓ 6400 దాకా వెళ్లి ఫొటో కాస్త గరుకుగా వచ్చినా నాకు పరవాలేదు, ఎందుకంటే గరుకుని తర్వాత కంప్యూటర్‌లో తగ్గించుకోవచ్చు గానీ కదిలిపోయిన ముఖాన్ని సరిచేయడం చాలా కష్టం.

కోరాపుట్ వైపు దుడుమ జలపాతానికి వెళ్తే ఇదే మోడ్‌లో 1/4 సెకను పెట్టండి, నీళ్లు పాలధారలా వస్తాయి. ట్రైపాడ్ తప్పనిసరి. మిట్టమధ్యాహ్నం వద్దు, ఫొటో తెల్లగా మాడిపోతుంది, తెల్లవారుజామునే వెళ్లండి.

ఇంట్లో పిల్లల ముఖాలు తీసి వెనకదంతా మసకగా ఉండాలంటే మాత్రం 'ఏ' లేదా 'ఏవీ' పెట్టండి, అంటే లెన్స్ ఎంత తెరవాలో మీరే చెప్పే అపర్చర్ ప్రయారిటీ. ఆ తెరుపుని చెప్పే ఎఫ్ నంబరు లెన్స్‌లో ఉన్నంత చిన్నది పెట్టండి. మహేంద్రగిరి మీద నుంచి కొండలు తీస్తే ఎఫ్ 8. అన్నీ మీరే పెట్టుకోవాల్సిన 'ఎం' (మాన్యువల్) జోలికి ఇప్పుడే వెళ్లకండి, వెలుగు మారని స్టేజీ దగ్గర నేర్చుకుందురుగాని.