వేటలో ఉండగా చేయి విరిగితే ఒడ్డు చేరేదాకా ఏం చేయాలి?

కాకినాడ నుంచి చేపల వేటకెళ్లిన బోటులో వించ్ (వల లాగే యంత్రం) తాడుకి చిక్కి ఒకరి ముంజేయి విరిగింది, హార్బరుకి ఐదారు గంటల దారి ఉంది అనుకుని, ఆ లెక్కలోనే చెప్తాను.

చేతిని తాడులోంచి గుంజొద్దు. వించ్ ఆపి, తాడు వదులు చేశాకే బయటికి తీయండి. తలకీ మెడకీ దెబ్బ తగిలిందేమో చూడండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టాలి. ఎముక బయటికి కనిపిస్తుంటే దాని మీద కాకుండా చుట్టుపక్కల నొక్కాలి, లోపలికి నెట్టకూడదు. ఆ గాయాన్ని తాగే నీళ్లతోనే కడగండి. సముద్రపు నీళ్లు, పసుపు, కాఫీపొడి, డీజిల్ ఏదీ వద్దు. తడిపిన శుభ్రమైన గుడ్డ కప్పండి.

ఈలోగా మరొకరు బోటులోని వీహెచ్ఎఫ్ రేడియో 16వ ఛానెల్‌లో "పాన్ పాన్" (అత్యవసర సాయం కావాలని చెప్పే పిలుపు) అని మూడుసార్లు పలికి బోటు పేరు, జీపీఎస్ స్థానం, దెబ్బ సంగతి చెప్పాలి. ఫోన్ సిగ్నల్ ఉంటే కోస్ట్ గార్డ్ నంబరు 1554.

ఉంగరం, వాచీ, కడియం, చేతికి కట్టుకున్న దారాలు వెంటనే తీసేయండి. వాపు ఎక్కాక ఉంగరం రాదు, వేలికి రక్తం ఆగిపోతుంది. వంటనూనె రాసినా రాకపోతే కత్తిరించండి.

ఇక కట్టు. ఇది పుత్తూరు కట్టు కాదు. ఎముకని సరిచేయడం మన పని కాదు, బోటు ఊగినా కదలకుండా ఆపడమే పని. వెదురు బద్దలు, నిలువునా చీల్చిన పీవీసీ గొట్టం, మందపాటి అట్ట ఏదైనా సరే. అరచేతి నుంచి మోచేతి దాకా రావాలి. లోపల తువ్వాలు మెత్తగా పరచండి. అరచేతిలో చిన్న గుడ్డ ఉండ పెడితే వేళ్లు సగం ముడుచుకుని హాయిగా ఉంటాయి. విరిగిన చోటు మీద కాకుండా, దానికి పైనా కిందా వెడల్పు గుడ్డ పట్టీలతో కట్టండి. నైలాన్ తాడు మాత్రం వద్దు, చర్మంలోకి దిగిపోతుంది. తర్వాత లుంగీతో జోలె వేసి, అరచేయి మోచేతికన్నా కాస్త ఎత్తులో ఉంచి, ఇంకో గుడ్డతో చేతిని ఛాతీకి కట్టండి. విరిగింది మోచేయి దగ్గరైతే వంచకుండా, చాపకుండా ఉన్నది ఉన్నట్టే కట్టాలి.

అసలు ముప్పు కట్టాక మొదలవుతుంది. వాపు పెరిగేకొద్దీ కట్టు బిగుసుకుంటుంది. అందుకే వేళ్ల కొసలు బయటే ఉంచాలి. మొదటి గంట పావుగంటకోసారి, తర్వాత అరగంటకోసారి గోరు నొక్కి వదలండి. రెండు సెకన్లలో ఎర్రదనం తిరిగి రావాలి. వేళ్లు చల్లబడినా, తిమ్మిరెక్కినా, వేళ్లు చాపితే నొప్పి విపరీతమైనా ఆ క్షణమే పట్టీలు వదులు చేయండి. వదులు చేసినా మార్పు లేకపోతే కండకి రక్తం అందడం లేదని అర్థం. కొన్ని గంటల్లోనే కండ చచ్చిపోతుంది. ఆ మాట రేడియోలో చెప్పి, డాక్టరు సలహా అడిగి, అతన్ని త్వరగా తరలించమనండి. చేయి గుండె ఎత్తులో ఉంచండి, అంతకన్నా పైకి ఎత్తొద్దు.

ఐస్ ప్లాస్టిక్ సంచిలో వేసి, గుడ్డ చుట్టి పదిహేను నిమిషాలు పెట్టొచ్చు. చేపల ఐస్ నేరుగా గాయానికి తగలకూడదు. నొప్పికి, అలర్జీ గానీ కాలేయ జబ్బు గానీ లేని పెద్దవాళ్లకి, పారాసిటమాల్ 500 మిల్లీగ్రాములవి రెండు, ఆరు గంటలకోసారి. మద్యం తాగించొద్దు. ఆపరేషన్ అవసరం కావచ్చు కాబట్టి తిండి పెట్టొద్దు. వాంతి లేకపోతే కొద్దికొద్దిగా నీళ్లు చాలు.

బోటు నడిమి భాగంలో, ఊపు తక్కువగా ఉండే చోట పడుకోబెట్టండి. లైఫ్ జాకెట్ మాత్రం మరవకండి: ఒక చేయి కట్టేసిన మనిషి ఈదలేడు. జోలె కట్టిన చేయి లోపలే ఉంచి, పైన జాకెట్ తొడిగి బిగించండి. వేరే బోటులోకి మార్చేటప్పుడు ఇది లేకుండా కదలనివ్వొద్దు.

దెబ్బ తగిలిన సమయం, ఇచ్చిన మాత్రలు, చివరిసారి తిన్న సమయం కాగితం మీద రాసి అతనితో పంపండి. ఎముక బయటికొచ్చిన దెబ్బ అయితే ధనుర్వాతం సూది, యాంటీబయాటిక్ వెంటనే కావాలి, అందుకని నేరుగా ఆసుపత్రికే తీసుకెళ్లాలి.