జైలు రిజిస్టర్లు ఎవరి సొత్తు?

ప్రశ్న: చెన్నై ఎగ్మూరు రికార్డు ఆఫీసులో ముప్పయ్యేళ్లు గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. సిరియాలో నియంత అసద్ పారిపోయినప్పుడు సెద్‌నాయా జైల్లో జనం దస్త్రాలను తొక్కుకుంటూ తిరగడం టీవీలో చూసి ప్రాణం ఉసూరుమంది. మనుషులే పోయినచోట కాగితాల కోసం బాధపడటం తప్పంటారా? (ఒక పాఠకుడు, పెరంబూరు)

జవాబు: తప్పు కాదండీ. 2024 డిసెంబరు 8న అసద్ ప్రభుత్వం కూలగానే, డమాస్కస్‌కు ఉత్తరాన సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ జైలుకు పరుగెత్తినవారిలో చాలామంది కొడుకు పేరో, భర్త పేరో కనిపిస్తుందేమోనని సెల్‌ఫోన్ వెలుగులో రిజిస్టర్లు తిరగేసినవారే. వారిని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. అయితే కట్టలోంచి విడిపోయిన కాగితం సగం నోరు పోగొట్టుకుంటుందని మీకు నేను చెప్పనక్కరలేదు. ఖైదీని ఏ తేదీన, ఎవరి సంతకంతో, ఎక్కడికి పంపారన్నది ముందు వెనుక కాగితాలతో కలిపి చదివితేనే తేలుతుంది.

సిరియాలో ఆచూకీ లేనివారు లక్షకు పైమాటే. 2011 నుంచి 2015 వరకు ఆ ఒక్క జైల్లోనే 5,000 నుంచి 13,000 మందిని ఉరితీసి ఉంటారని మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 2017లో అంచనా కట్టింది. 'సీజర్' అన్న మారుపేరుతో ఒక సైనిక ఫొటోగ్రాఫర్ 2013లో దేశం దాటించిన 53 వేలకు పైగా ఫొటోల్లో ఖైదీల శవాలకు పేర్లు లేవు, అంకెలే ఉన్నాయి. అంకెకు పేరు తగిలించగలిగేవి ఇలాంటి దస్త్రాలే. 2018లో అయితే, కుటుంబ వివరాల నకలు కోసం పౌర నమోదు కార్యాలయానికి వెళ్లిన కొందరికి, తమవాడు ఏళ్ల క్రితమే గుండెపోటుతో మరణించినట్టు రాసిన నమోదు కనిపించింది. శవం లేదు, సమాధి లేదు. భర్త గురించి అసలు ఆ నమోదు కూడా లేని ఇల్లాలి సంగతి ఇంకా కష్టం; చట్టం దృష్టిలో ఆమె వితంతువూ కాదు, భర్త పేరనున్న ఇంటికి వారసురాలూ కాదు.

ఇలాంటి దస్త్రాలను కాపాడుకున్నవారూ ఉన్నారు. 1990 జనవరి 15న తూర్పు బెర్లిన్‌లో జనం స్టాసీ అనే తూర్పు జర్మనీ రహస్య పోలీసు విభాగం కార్యాలయంలోకి చొరబడ్డారు. అక్కడ పౌర కమిటీలే ఫైళ్లకు కాపలా కాశాయి. 1991లో చట్టం వచ్చి, ఎవరి ఫైలును వారు చదువుకునే హక్కు దక్కింది. సిరియాలో గల్లంతైనవారి కోసం ఒక సంఘాన్నీ, న్యాయ విచారణల కోసం మరొక సంఘాన్నీ 2025 మేలో ఏర్పాటు చేశారు. రెండోదాని పరిధిని పాత ప్రభుత్వపు నేరాలకే పరిమితం చేయడం నాకు నచ్చలేదు. ఎందుకంటే 2025 మార్చిలో, అంటే కొత్త ప్రభుత్వం వచ్చాకే, తీరప్రాంతంలో సుమారు 1,400 మంది హతమయ్యారు. వారిలో ఎక్కువమంది అలవీలు, అంటే అసద్ పుట్టిన మైనారిటీ మతవర్గం వారు. వారి పేర్లూ ఏదో ఒక రిజిస్టరులోకి ఎక్కాలి గదా.

ప్రశ్న: నియంత పోయాడు గదా, శరణార్థులు తిరిగి వెళ్లరేం? (ఒక పాఠకురాలు, టి.నగర్)

జవాబు: వెళుతున్నారమ్మా, 2025 సెప్టెంబరుకే పది లక్షల మందికి పైగా తిరిగి వెళ్లారు. కానీ పొలాల్లో మందుపాతరలున్నాయి, ఊళ్లకు ఊళ్లే కూలిపోయాయి. ఇల్లు నిలిచినచోట కూడా అందులో వేరేవారు కాపురముంటే, అది తమదేనని చూపించే పత్రం చాలామంది దగ్గర లేదు.