మదర్‌బోర్డు మార్చాక సర్వర్ డిస్క్‌ని వదిలేసి నెట్‌వర్క్ బూట్‌కి పోతుంటే

మీరు చెప్పింది ఇదీ: యూయీఎఫ్ఐ (పాత బయోస్ బదులు వచ్చిన స్టార్టప్ ఫర్మ్‌వేర్) మోడ్‌లో నడుస్తున్న లినక్స్ సర్వర్, మదర్‌బోర్డు మార్చారు, అప్పట్నుంచి డిస్క్ బదులు పీఎక్స్ఈకి (నెట్‌వర్క్ నుంచి బూట్ అవడానికి) పోతోంది, ఐపీఎంఐటూల్‌తో (సర్వర్‌ని దూరం నుంచి నడిపే కమాండ్) డిస్క్ అని పెట్టినా వినడం లేదు, ఓఎస్ మళ్లీ వేయాలా అని. అక్కర్లేదండీ. డిస్క్‌లో డేటా దాదాపు ఖాయంగా అలాగే ఉంటుంది. పోయింది బూట్ ఎంట్రీ, అంటే ఏ డిస్క్‌లో ఏ ఫైల్‌తో లేవాలో చెప్పే నమోదు. అది డిస్క్‌లో కాదు, బోర్డు మీది ఎన్‌వీరామ్ అనే చిన్న మెమరీలో ఉంటుంది. పాత బోర్డుతో పాటే వెళ్లిపోయింది.

మిగతావన్నీ తర్వాత, ముందు పీఎక్స్ఈని ఆపండి. సెటప్‌లో (సర్వర్ ఆన్ అవుతున్నప్పుడు తెరిచే ఫర్మ్‌వేర్ మెనూ) ఆఫ్ చేయండి, లేదంటే ఆ నెట్‌వర్క్ కేబుల్ పీకేయండి. చాలామంది పట్టించుకోని ప్రమాదం ఇక్కడే ఉంది. బోర్డు మారితే బోర్డు మీది నెట్‌వర్క్ పోర్టుల మ్యాక్ అడ్రస్ కూడా మారవచ్చు. పీఎక్స్ఈ సర్వర్‌లో "ఈ మ్యాక్ వస్తే లోకల్ డిస్క్‌కి పంపు" అని రాసిపెట్టి ఉంటే, కొత్త మ్యాక్ దానికి తగలదు, డిఫాల్ట్ కాన్ఫిగరేషన్‌లో పడుతుంది. ఆ డిఫాల్ట్ ఆటోమేటిక్ ఇన్‌స్టాల్ అయితే మీ డిస్క్ నిజంగానే తుడిచిపెట్టుకుపోతుంది.

ఇక ఐపీఎంఐ ఎందుకు వినలేదంటే మూడు కారణాలు కనిపిస్తున్నాయి. "ఛాసిస్ బూట్‌డెవ్ డిస్క్" అని మాత్రమే కొడితే అది లెగసీ (పాత బయోస్ తరహా) బూట్ అడిగినట్టు. చివర "ఆప్షన్స్ ఈక్వల్స్ ఈఎఫ్ఐబూట్" తగిలించాలి. రెండోది, ఆ సెట్టింగ్‌కి ఆయుష్షు 60 సెకన్లే. ఆలోగా బీఎంసీకి (ఐపీఎంఐ ఆదేశాలు అందుకునే బోర్డు మీది చిప్) పవర్ సైకిల్ గానీ రీసెట్ గానీ అందకపోతే అదే చెరిపేస్తుంది. మీరు బూట్‌డెవ్ కొట్టి, ఓఎస్ లోపల్నుంచి రీబూట్ ఇచ్చి, సర్వీసులు ఆగడానికి రెండు నిమిషాలు పట్టిందనుకోండి, పోస్ట్ (ఆన్ అవగానే జరిగే హార్డ్‌వేర్ పరీక్ష) మొదలయ్యేసరికి అక్కడ ఏమీ మిగలదు. "ఛాసిస్ బూట్‌పారమ్ గెట్ 5" కొడితే ఫ్లాగ్ ఉందో పోయిందో తెలుస్తుంది. ఇవి రెండూ సరిచేసినా మూడోది ఉంది: మీరు అడిగింది "డిస్క్" అని. అసలు డిస్క్ ఎంట్రీయే లేనప్పుడు ఫర్మ్‌వేర్ తన లిస్టులో తర్వాతి దానికి పోతుంది, అది నెట్‌వర్క్.

ఎంట్రీ తిరిగి పెట్టడానికి సెటప్‌లోకి వెళ్లండి: డెల్‌లో ఎఫ్2, హెచ్‌పీఈలో ఎఫ్9, లెనోవోలో ఎఫ్1, సూపర్‌మైక్రోలో డిలీట్ కీ. కొత్త బోర్డు డిఫాల్ట్ సెట్టింగ్‌లతో వస్తుంది కాబట్టి బూట్ మోడ్ యూయీఎఫ్ఐలో ఉందో లేదో, స్టోరేజ్ కంట్రోలర్ పాత మోడ్‌లోనే ఉందో లేదో (ఏహెచ్‌సీఐ, రెయిడ్ మోడ్‌లు తారుమారైతే డిస్కే కనపడకపోవచ్చు) మొదట చూడండి. తర్వాత బూట్ ఆప్షన్ చేర్చే చోట, లేదా ఫైల్ నుంచి బూట్ చేసే చోట, ఈఎస్‌పీ పార్టిషన్ (బూట్ ఫైళ్లుండే చిన్న భాగం) ఎంచుకుని ఈఎఫ్ఐ ఫోల్డర్‌లో మీ డిస్ట్రో పేరున్న ఫోల్డర్ తెరవండి. అందులో షిమ్ఎక్స్64 ఫైల్‌ని ఎంచుకోండి, ఫర్మ్‌వేర్ నమ్మే సంతకం ఉన్నది దీనికే. పక్కనే గ్రబ్ఎక్స్64 కూడా ఉంటుంది, దాని జోలికి పోవద్దు. సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న ఫైళ్లనే లేపనిచ్చే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే సంతకం సరిపోలేదని ఫర్మ్‌వేర్ గ్రబ్‌ని ఆపేస్తుంది.

ఓఎస్ లేచాక ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్‌ని (బూట్ ఎంట్రీలు చూపించే, మార్చే లినక్స్ టూల్) మైనస్ వీతో నడిపి చూడండి. బూట్‌ఆర్డర్ వరుసలో మీ ఎంట్రీ నంబరు మొదట ఉండాలి, ఎంట్రీ పక్కన నక్షత్రం గుర్తు ఉండాలి; అది లేకపోతే ఆ ఎంట్రీ యాక్టివ్‌గా లేదన్నమాట. సెటప్‌లో ఫైల్ ఎంచుకునే వీలు లేకపోతే రెస్క్యూ యూఎస్‌బీతో లేపి ఇదే టూల్ మైనస్ సీతో ఎంట్రీ తయారుచేయండి. డిస్క్, పార్టిషన్ నంబరు తప్పకుండా ఇవ్వండి. ఇవ్వకపోతే ఎస్‌డీఏ, పార్టిషన్ 1 అని అదే అనుకుంటుంది. ఎన్‌వీఎంఈ డిస్క్ ఉన్న సర్వర్‌లో డిస్క్ పేరు వేరు కనుక అది పనికిరాదు. లోడర్ పాత్‌లో బ్యాక్‌స్లాష్‌లు ఉంటాయి కనుక సింగిల్ కోట్‌లలో పెట్టండి, లేదంటే షెల్ మింగేస్తుంది. ఈఎఫ్ఐ వేరియబుల్స్ సపోర్ట్ లేదని వస్తే యూఎస్‌బీ లెగసీ మోడ్‌లో లేచిందని అర్థం. మళ్లీ యూయీఎఫ్ఐలో లేపండి.

పీఎక్స్ఈ ఆపగానే తనంతట తనే లేచే సర్వర్‌లు కూడా ఉంటాయి. ఎంట్రీ లేనప్పుడు ఫర్మ్‌వేర్ ఈఎఫ్ఐ, బూట్ ఫోల్డర్‌లో బూట్ఎక్స్64 అనే ఫైల్ కోసం వెతుకుతుంది. రెడ్‌హ్యాట్ రకాల్లో అక్కడ ఫాల్‌బ్యాక్ ప్రోగ్రాం ఉండి ఎంట్రీని మళ్లీ రాసేస్తుంది. డెబియన్‌లో అక్కడ ఏమీ లేకపోవచ్చు. గ్రబ్ ఇన్‌స్టాల్‌ని ఫోర్స్ ఎక్స్‌ట్రా రిమూవబుల్ ఆప్షన్‌తో ఒకసారి నడిపితే పెడుతుంది.

డిస్క్ ఎన్‌క్రిప్షన్ టీపీఎంకి (తాళాలు దాచే సెక్యూరిటీ చిప్) కట్టి ఉంటే పాస్‌ఫ్రేజ్ దగ్గర పెట్టుకోండి. టీపీఎం మారి ఉంటే అది తాళం తీయదు.

సాఫ్ట్‌వేర్ రెయిడ్ 1 (రెండు డిస్క్‌ల్లో ఒకే డేటా ఉంచే మిర్రర్) అయితే ఇంకో మాట: ఈఎస్‌పీ సాధారణంగా మిర్రర్‌లో ఉండదు. రెండో డిస్క్ ఈఎస్‌పీలోకి ఫైళ్లు కాపీ చేసి, దానికి వేరే ఎంట్రీ పెట్టి, బూట్‌నెక్స్ట్ (ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్ మైనస్ ఎన్, ఎంట్రీ నంబరు) ఇచ్చి ఒకసారి దాని నుంచి లేపి చూడండి. బూట్‌నెక్స్ట్ ఒక్కసారికే పనిచేస్తుంది, ఆర్డర్‌ని ముట్టుకోదు. ఇలాంటి పరీక్షలకు నేను బూట్‌ఆర్డర్ మార్చను, ఇదే వాడతాను. చివరగా, ఎర్రర్ వస్తే కీబోర్డు కోసం ఆగే ఆప్షన్ ఆఫ్ చేసి, కరెంటు వచ్చాక పాత స్థితికి వచ్చేలా ఏసీ రికవరీ పెట్టి, అప్పుడు పీఎక్స్ఈ కేబుల్ తగిలించండి, అదీ పీఎక్స్ఈ సర్వర్‌లో కొత్త మ్యాక్ రాశాకే.