స్కూటరు వేగం పెంచాలంటే ముందు ఏది విప్పాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం స్కూటరు ఇంజిన్ నుంచి మరింత శక్తిని, వేగాన్ని రాబట్టడం గురించే ఉన్నాయి. ఒకే సంగతిని పలువురు అడిగిన చోట ప్రశ్నలను కలిపి ఇస్తున్నాము. జవాబులన్నీ బెల్టు మీద నడిచే, చేత్తో గేర్లు మార్చనక్కరలేని స్కూటర్లకు వర్తిస్తాయి.

ప్రశ్న: నాది కార్బొరేటర్ ఉన్న 125 సీసీ ఫోర్ స్ట్రోక్ స్కూటరు. కొత్తలో గంటకు 90 కిలోమీటర్లు అందుకునేది. ఇప్పుడు యాక్సిలరేటర్ చివరిదాకా తిప్పినా 80 దాటడం లేదు. పెద్ద బోరు కిట్ (లోపలి వ్యాసం పెద్దదైన సిలిండర్, పిస్టన్) వేయించమని ఒక మెకానిక్, రోలర్లు మార్చమని మరొకరు అంటున్నారు. ముందు ఏది చేయించాలి?

జవాబు: ప్రస్తుతానికి రెండూ వద్దు. ఉన్న వేగం ఎక్కడ పోయిందో తేల్చుకోకుండా కొత్త శక్తిని ఎక్కిస్తే, అది కూడా అదే దారిన పోతుంది.

ముందుగా ఒక సంగతి గమనించండి. స్కూటరు ఆగిన చోటి నుంచి మునుపటిలాగే చురుగ్గా కదులుతోందా, ఎత్తు ఎక్కేటప్పుడు తడబడుతోందా? పికప్ కూడా తగ్గి ఉంటే కంప్రెషన్ (సిలిండర్లో గాలి నొక్కుకునే తీరు), వాల్వుల సందు, ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్గు, వదలకుండా రాసుకుంటున్న బ్రేకు, ఈ వరుసలో చూపించండి. పికప్ బాగానే ఉండి చివరి వేగం మాత్రమే తగ్గితే, లోపం చాలావరకు ఎడమవైపు మూత కింద, బెల్టు దగ్గరే ఉంటుంది.

అక్కడ జరిగేది ఇది. ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ వేరియేటర్‌లోని, అంటే గేర్ల పని చేసే ముందు పుల్లీ అమరికలోని, రోలర్లనే చిన్న బరువులు బయటికి జరిగి ముందు పుల్లీని దగ్గరకు నొక్కుతాయి. బెల్టు ఆ పుల్లీలో అంచువైపు ఎక్కుతుంది, వెనుక పుల్లీలో లోపలికి దిగుతుంది. బెల్టు ముందు ఎంత పైకి ఎక్కితే టాప్ గేరు అంత దొరికినట్టు. బెల్టు అరిగి సన్నబడితే అంచుదాకా ఎక్కలేదు. పుల్లీ ముఖాలు రెండూ చెరి 15 డిగ్రీల వాలుతో ఉన్నాయనుకుంటే, బెల్టు వెడల్పు 1 మిల్లీమీటరు తగ్గినప్పుడు అది సుమారు 1.9 మిల్లీమీటర్లు లోపలికి కూరుకుపోతుంది. అదే కారణంగా వెనుక పుల్లీలో కొంచెం పైనే ఉండిపోతుంది కనుక నష్టం రెండు వైపులా పడుతుంది. 743, 20, 30 అని రాసి ఉన్న బెల్టులో 20 అన్నది కొత్తగా ఉన్నప్పటి వెడల్పు, మిల్లీమీటర్లలో. వెర్నియర్‌తో మీ బెల్టును కొలిచి, మీ బండి మాన్యువల్‌లో ఇచ్చిన అరుగుదల హద్దుతో పోల్చి చూడండి.

ఇంకో పరీక్షకు మార్కర్ పెన్ను ఒక్కటి చాలు. ఇంజిన్ ఆపి మూత తీసి, ముందు పుల్లీ లోపలి ముఖం మీద నడుమ నుంచి అంచు వరకు ఒక గీత గీయండి. మూత బిగించి, ఖాళీగా ఉండే సురక్షితమైన చోట పూర్తి యాక్సిలరేటర్‌తో కొంతదూరం నడిపి, చల్లారాక మళ్ళీ విప్పండి. బెల్టు ఎంతవరకు రాసుకుందో అంతవరకు గీత చెరిగిపోయి ఉంటుంది. అంచు దగ్గర మూడు నాలుగు మిల్లీమీటర్ల గీత చెక్కుచెదరకుండా మిగిలి ఉంటే, ఇంజిన్‌ను తప్పు పట్టనక్కరలేదు. రోలర్లను కూడా అప్పుడే చేతిలోకి తీసుకుని దొర్లించి చూడండి. ఒకవైపు అరిగి చదునైన రోలరు దొర్లకుండా జారుతుంది, వేరియేటర్ మధ్యదారిలోనే తట్టుకుని ఆగిపోతుంది.

పోతే, 90 అన్న అంకె మీటరులో చూసిందేనా? స్పీడోమీటర్లు సాధారణంగా అసలు వేగం కంటే కాస్త ఎక్కువే చూపుతాయి. మార్పుకు ముందూ తరవాతా జీపీఎస్‌తో, ఒకే దారిలో పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ కొలిచి సగటు తీయండి. గాలి వాటును ఇంజిన్ ఘనతగా లెక్కవేసుకునే పొరపాటు తప్పుతుంది.

ప్రశ్న: 13 గ్రాముల రోలర్లు తీసి 11 గ్రాములవి వేశాను. పికప్ అదిరిపోయింది కాని టాప్ స్పీడు తగ్గింది, పెట్రోలు కూడా ఎక్కువ తాగుతోంది. ఎందుకిలా?

జవాబు: రోలరు బయటికి నెట్టే బలం దాని బరువుకు, ఇంజిన్ వేగపు వర్గానికి అనుపాతంలో ఉంటుంది. బరువు తగ్గించినప్పుడు అదే నొక్కుడు కోసం ఇంజిన్ ఎక్కువ తిరగాలి. మిగతావన్నీ అలాగే ఉన్నాయనుకుంటే, 13 నుంచి 11 గ్రాములకు దిగినప్పుడు ఇంజిన్ వేగం దాదాపు 8.7 శాతం పెరగాలి. అంటే 6,500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ చుట్లు) దగ్గర పైగేరుకు జరగడం మొదలయ్యే వేరియేటర్ ఇప్పుడు 7,070 దగ్గర మొదలవుతుంది. బయలుదేరేటప్పుడు ఇంజిన్ తన బలం ఎక్కువగా ఉన్న చోట తిరుగుతోంది కనుక మీకు పికప్ వచ్చింది. చివరి వేగం దగ్గరికి వచ్చేసరికి, తేలిక రోలర్లకు బెల్టును అంచుదాకా నెట్టే సత్తా లేక, ఇంజిన్ తన గరిష్ఠ శక్తి దాటిపోయి ఊరికే అరుస్తోంది. పెట్రోలు ఖర్చు అక్కడిదే.

స్కూటర్ల విషయంలో నా అభిప్రాయమంతా ఈ ఒక్క జవాబులోనే ఉందనుకోవచ్చు. ఇంజిన్ ఎంత శక్తినిస్తుందన్న ప్రశ్న కంటే, వేరియేటర్ దాన్ని ఏ ఆర్‌పీఎం దగ్గర నిలబెడుతోందన్న ప్రశ్న పెద్దది. గేర్ల బండిలో ఆ ఎంపిక నడిపేవాడి కాలి కింద ఉంటుంది. ఇక్కడ ఆ పని ఆరు రోలర్లు, ఒక స్ప్రింగు కలిసి చేస్తాయి. కనుక మీ ఇంజిన్ గరిష్ఠ శక్తి ఎన్ని ఆర్‌పీఎంల దగ్గర వస్తుందో మాన్యువల్‌లో చూసి, టాకోమీటరు (ఇంజిన్ ఆర్‌పీఎం చూపే మీటరు) తగిలించి, పూర్తి యాక్సిలరేటర్‌లో ముల్లు ఆ అంకె దగ్గర నిలిచేటట్టు బరువు ఎంచుకోండి. మీ సందర్భంలో 12 గ్రాములవి వేసి చూడటం సబబు. 13, 11 గ్రాముల రోలర్లు మూడేసి చొప్పున ఒకటి విడిచి ఒకటి అమర్చినా సగటు 12 గ్రాములే వస్తుంది. ప్రయోగానికి అది పనికొస్తుంది.

వెనుక పుల్లీలోని పెద్ద స్ప్రింగును గట్టిది వేస్తే కూడా ఆర్‌పీఎం పెరుగుతుంది కాని, బెల్టు మీద వేడి, అరుగుదల పెరుగుతాయి. బెల్టు జారుతుంటే తప్ప దాన్ని కదపకండి. క్లచ్ చిన్న స్ప్రింగులు కదలిక మొదలయ్యే క్షణాన్ని మాత్రమే మారుస్తాయి, టాప్ స్పీడుతో వాటికి సంబంధం లేదు.

ప్రశ్న: 125 సీసీ ఇంజిన్‌లో బోరు 52.4 మిల్లీమీటర్లు. 57.4 మిల్లీమీటర్ల సిలిండర్ కిట్ వేస్తే 150 సీసీ అవుతుందట. ఎంత వేగం పెరుగుతుంది? కిట్‌తో పాటు ఇంకా ఏమేమి మార్చాలి?

జవాబు: లెక్క సరైనదే. 57.8 మిల్లీమీటర్ల స్ట్రోకుతో (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) 52.4 బోరుకు 124.6 సీసీ, 57.4 బోరుకు 149.6 సీసీ వస్తాయి. అంటే 20 శాతం పెరుగుదల. వేగం మాత్రం 20 శాతం పెరగదు. గాలి ఎదురునెట్టే బలం వేగపు వర్గంతో, దాన్ని గెలవడానికి కావలసిన శక్తి వేగపు ఘనంతో పెరుగుతాయి. శక్తి నిజంగానే 20 శాతం పెరిగిందనుకున్నా, గాలి ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకుంటే చివరి వేగం 6 శాతం పెరుగుతుంది: 80 ఉన్నది 85 అవుతుంది. శక్తిని రెట్టింపు చేసినా 26 శాతం దాటదు. ముందు నిలువెత్తు అద్దం, వెనుక సామాను పెట్టె ఉన్న బండి అయితే, వాటిని తీసి చూడటం కిట్ కంటే చవకైన ప్రయోగం.

అలాగని కిట్ దండగ అనడం లేదు. వెనుక మనిషిని ఎక్కించుకుని ఎత్తు ఎక్కవలసినవారికి, బరువు మోసేవారికి ఆ 20 శాతం టార్క్ (తిప్పే బలం) ప్రతి మలుపులోనూ తెలుస్తుంది. టాప్ స్పీడు కోసమే అడిగేవారికి మాత్రం దాన్ని సిఫారసు చేయలేను.

వేయించాలనే నిర్ణయించుకుంటే, అందరూ మరచిపోయేది కంప్రెషన్. పాత హెడ్‌నే (సిలిండర్ పైమూత) ఉంచి బోరు పెంచితే పైన మిగిలే ఖాళీ అంతే ఉంటుంది, కిందినుంచి నొక్కే గాలి మాత్రం పెరుగుతుంది. ముందు కంప్రెషన్ నిష్పత్తి 9 ఉన్న ఇంజిన్‌లో ఇది 10.6కు చేరుతుంది. గాలితో చల్లబడే ఇంజిన్‌లో, మామూలు పెట్రోలుతో, లోడు మీద టకటకమనే నాకింగ్ మొదలైతే పిస్టన్ నెత్తి మీద గుంటలు పడతాయి. కనుక కిట్‌కు తగిన హెడ్ తీసుకోవాలి, లేదా పిస్టన్ తల ఆకారం చూసి నిష్పత్తి లెక్కవేయించుకోవాలి. హెడ్‌ను ఇంకా గీకించి కంప్రెషన్ పెంచితే ఎలా ఉంటుందని అడిగినవారికీ ఇక్కడే చెబుతున్నాను: 9 నుంచి 11కు పెంచితే సిద్ధాంతరీత్యా దక్కే లాభం 5 శాతం చిల్లర. ఆ లాభానికి అంత ప్రమాదం తగదు.

బిగించే ముందు పిస్టన్ రింగును ఒక్కదాన్ని సిలిండర్‌లో పెట్టి, పిస్టన్ తలతో నిటారుగా కిందికి నెట్టి, దాని రెండు కొసల మధ్య సందును ఫీలర్ గేజితో (సన్నని రేకుల కొలత పరికరం) కొలవండి. బోరులో ప్రతి 25 మిల్లీమీటర్లకు సుమారు 0.1 మిల్లీమీటరు అన్నది మామూలు లెక్క, 57.4కు అది 0.23 దగ్గర వస్తుంది. కిట్‌తో వచ్చిన కాగితంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. సందు లేని రింగు వేడెక్కినప్పుడు కొసలు గుద్దుకుని గోడను గీరేస్తుంది.

పెరిగిన గాలికి పెట్రోలు పెరగాలి. మెయిన్ జెట్‌ను (కార్బొరేటర్లో పెట్రోలు వచ్చే రంధ్రం) ముందు పెద్దది వేసి, ఆ పైన ఒక్కొక్క అంకె దించుకుంటూ రావాలి. ఎప్పుడూ పెద్ద వైపు నుంచే మొదలుపెట్టాలి. పెట్రోలు కొంచెం ఎక్కువైతే ప్లగ్గు నల్లబడుతుంది, తక్కువైతే పిస్టన్ కరుగుతుంది. పూర్తి లోడులో గాలి, పెట్రోలు బరువుల నిష్పత్తి 12.5 నుంచి 13కు ఒకటి ఉండాలి. ప్లగ్గు పింగాణీ మీద లేత గోధుమ రంగు మంచిది. తెల్లగా పాలిపోయి సన్నని అల్యూమినియం చుక్కలు కనిపిస్తే బండిని ఆ రోజు మళ్ళీ నడపకండి.

బ్రేకుల గురించి ఎవరూ అడగలేదు. వేగం 80 నుంచి 90కి పెరిగితే ఆపవలసిన శక్తి 27 శాతం పెరుగుతుంది. డ్రమ్ము బ్రేకులు, అరిగిన టైర్లు ఉన్న బండిలో ఖర్చు ముందు వాటి మీదే పెట్టాలి. సీసీ మారితే వాహన పత్రాల్లోని వివరంతో, బీమాతో ఇంజిన్ పొంతన పోతుందన్నది కూడా పని మొదలుపెట్టే ముందే ఆలోచించవలసిన విషయం.

ప్రశ్న: నాది ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి. ఎయిర్ బాక్స్ తీసేసి ఓపెన్ ఫిల్టర్, ఫ్రీ సైలెన్సర్ (పొగకు అడ్డు తక్కువ ఉండేది) వేశాను. శబ్దం బాగా పెరిగింది కాని వేగం పెరగలేదు, మధ్య వేగాల్లో ఇంకా మందగించింది. కంప్యూటర్ తనంతట తాను సర్దుకోదా?

జవాబు: కొంతవరకే. సైలెన్సర్ దగ్గరి ఆక్సిజన్ సెన్సర్ చూసి ఈసీయూ (మీరన్న కంప్యూటర్) పెట్రోలు సర్దేది నిలకడగా, తక్కువ యాక్సిలరేటర్‌తో పోతున్నప్పుడు. పూర్తిగా తిప్పినప్పుడు చాలా బండ్లలో అది సెన్సర్ మాట పక్కనపెట్టి, ఫ్యాక్టరీలో రాసిన పట్టిక ప్రకారమే పెట్రోలు చల్లుతుంది. ఆ పట్టిక మీ పాత ఎయిర్ బాక్సుకు, పాత సైలెన్సర్‌కు రాసినది. ఇక ఎయిర్ బాక్స్ కేవలం దుమ్ము ఆపే డబ్బా అని అనుకోవద్దు. దాని ఘనపరిమాణం, గొట్టం పొడవు మధ్య వేగాల్లో గాలి లోపలికి చక్కగా నిండేటట్టు కుదిర్చి చేస్తారు. దాన్ని తీసేస్తే ఇంజిన్ పక్కనున్న వేడి గాలినే పీలుస్తుంది. పాత రెండింటినీ తిరిగి బిగించండి. అలా కాదంటే పట్టికను తిరిగి రాయగల ఈసీయూ, గాలి, పెట్రోలు నిష్పత్తిని కొలవడానికి వైడ్‌బ్యాండ్ సెన్సర్, రెండూ కొనవలసి ఉంటుంది.

ప్రశ్న: పాత 50 సీసీ టూ స్ట్రోక్ స్కూటరుకు ఎక్స్‌పాన్షన్ చాంబర్ (నడుమ ఉబ్బుగా ఉండే పొగగొట్టం) వేశాను. ఒక చోట ఒక్కసారిగా లాగుతుంది, మిగతా చోట పాత సైలెన్సరే నయం. పైపు చెడ్డదా?

జవాబు: పైపు తన పని తాను చేస్తోంది. పొగతో పాటు బయటికి జారిన తాజా మిశ్రమాన్ని, పైపు చివరి శంకువు నుంచి తిరిగొచ్చే పీడన తరంగం పోర్టు (పొగ బయటికి పోయే రంధ్రం) మూసుకునే లోపు వెనక్కి నెట్టాలి. ఆ తరంగం సమయానికి చేరేది ఒక ఇరుకైన ఆర్‌పీఎం పట్టీలోనే. పైపు పొట్టిదయితే ఆ పట్టీ పైకి జరుగుతుంది. మీ వేరియేటర్ ఇంజిన్‌ను ఇంకా పాత సైలెన్సర్ పట్టీలోనే నిలబెడుతోంది. రోలర్ల బరువు దించి కొత్త పట్టీలోకి తీసుకెళ్ళండి, జెట్ పెంచండి. పెట్రోలులోనే ఆయిలు కలిపి పోసే బండి అయితే, జెట్ చిన్నదైనప్పుడు ఆయిలు కూడా తగ్గుతుందని, పిస్టన్ పట్టేసేది అందువల్ల కూడానని గుర్తుంచుకోండి.

ప్రశ్న: రెవ్ లిమిట్ (ఇంజిన్ వేగపు హద్దు) లేని సీడీఐ (ప్లగ్గుకు నిప్పురవ్వనిచ్చే పెట్టె) వేయవచ్చా? వెనుక చక్రం దగ్గరి గేర్లు మార్చితే టాప్ స్పీడు పెరుగుతుందా?

జవాబు: సీడీఐ శక్తినివ్వదు, ఉన్న హద్దును తీసేస్తుంది. 7,500 నుంచి 9,000 ఆర్‌పీఎంకు పోతే పిస్టన్, కనెక్టింగ్ రాడ్ మీద పడే జడత్వ బలం 44 శాతం పెరుగుతుంది. వాల్వు స్ప్రింగులు, వాల్వులను తెరిచే క్యామ్‌ను వెంబడించలేకపోతే వాల్వు పిస్టన్‌కు తగలవచ్చు. వాల్వు స్ప్రింగులు మార్చకుండా వేయకండి.

గేర్ల సంగతి టాకోమీటరు చెబుతుంది. చదునైన దారిలో, బెల్టు ముందు పుల్లీ అంచున ఉండగా, ఇంజిన్ గరిష్ఠ శక్తి దాటి లిమిట్ దగ్గర తిరుగుతుంటే పొడుగు గేర్లతో (ఇంజిన్ చుట్టుకు చక్రాన్ని ఎక్కువ తిప్పేవి) వేగం పెరుగుతుంది. ముల్లు ఆ అంకెదాకా చేరకుండానే ఆగిపోతుంటే అవే గేర్లు ఉన్న వేగాన్ని కూడా తగ్గిస్తాయి.