స్నానం చేయించాక పిల్లి బుసకొడుతోంది.. మళ్లీ మచ్చిక అయ్యేదెలా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా ఇంట్లో మూడేళ్ల మగ పిల్లి ఉంది. ఒంటి నిండా పేలు పట్టాయని వారం కింద మా ఆయన గట్టిగా పట్టుకుంటే నేను డెట్టాల్ కలిపిన నీళ్లతో స్నానం చేయించాను. అది ఆయన చేయి రక్తం వచ్చేలా గీరింది. ఆయన కోపంలో ఒకటి వేశారు. అప్పటి నుంచి అర్రలో బియ్యం బస్తాల వెనకే ఉంటోంది. నేను పెడితే రాత్రిపూట తింటుంది, ఆయన్ని చూస్తే మాత్రం బుసకొడుతోంది. బాత్‌రూంలోని ఇసుక టబ్బులోకి పోకుండా రెండుసార్లు పరుపు మీద మూత్రం పోసింది. దాన్ని మళ్లీ మచ్చిక చేసుకోవడం ఎలా? - ఒక పాఠకురాలు

జవాబు: మచ్చిక సంగతి తర్వాత చూద్దాం, ముందు పరుపు మీది మరక ఎంత ఉందో చెప్పండి. అరచేయి కన్నా పెద్దగా, ఒకేసారి పోసినట్టుంటే పెద్దగా భయం లేదు. చుక్కలు చుక్కలుగా పడుతున్నా, మాటిమాటికీ కూర్చుని ముక్కుతున్నా, అరుస్తూ కింది భాగం నాకుతున్నా మూత్రనాళం మూసుకుపోయిందేమోనని అనుమానించాలి. మగ పిల్లుల్లో ఆ నాళం చాలా సన్నగా ఉంటుంది. పూర్తిగా మూసుకుపోతే రక్తంలో పొటాషియం పెరిగి ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. చాలామంది దీన్ని మలబద్ధకం అనుకుని ఆముదం పోస్తుంటారు. అలా చేయకండి, అదే రోజు పశువైద్యుడికి చూపించండి. దగ్గర్లో కేథటర్ (మూత్రం బయటికి తీసే సన్నని గొట్టం) వేసే వీలు లేకపోతే హైదరాబాద్ రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లండి, తెల్లారేదాకా ఆగొద్దు.

మీవారి చేయి గురించి కూడా ఒక మాట. రక్తం వచ్చిందంటే ఇంట్లో పిల్లే కదా అని వదిలేయకూడదు. గీరిన వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటి కింద పదిహేను నిమిషాలు కడగాలి. వారం దాటినా సరే, ఇవాళే ప్రభుత్వాసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టించండి. చర్మంలోకి వేసే పద్ధతిలో 0 (మొదటి టీకా వేసిన రోజు), 3, 7, 28 రోజుల్లో ఇస్తారు. ఇమ్యునోగ్లోబ్యులిన్ (వెంటనే రక్షణ ఇచ్చే యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా కావాలా అన్నది అక్కడి డాక్టర్ చెబుతారు. పిల్లికి టీకాలు వేయించారో లేదో మీరు రాయలేదు. వేయించకపోతే అదీ చేయించండి.

ఇక అలక. మీ పిల్లి పరుపు తడపడం పగబట్టి చేసిన పని కాదు. ఇసుక టబ్బు ఉన్నది బాత్‌రూంలో, దాన్ని అదిమిపట్టి స్నానం చేయించిందీ అక్కడే. ఆ గడప దాటడానికే దానికి భయం. టబ్బును అర్రలోకి మార్చండి, తిండి గిన్నెకు దూరంగా ఇంకో మూలన పెట్టండి. ఇసుక రెండు మూడు అంగుళాల మందం ఉండాలి, రోజూ మలం తీసేయాలి. పరుపును సబ్బుపొడి నీళ్లతో కడిగి ఎండలో వేయండి. ఫినాయిల్ మాత్రం వాడొద్దు. ఫినాయిల్‌లోని ఫినాల్ రకం మందులను, డెట్టాల్‌లోని క్లోరోక్సైలెనాల్‌ను పిల్లి కాలేయం సరిగా విరగ్గొట్టలేదు. ఒంటికి అంటితే నాకి కడుపులోకి పంపుకుంటుంది. చొంగ కారుతున్నా, నోట్లో పుండ్లు కనిపించినా అది అలక కాదు, విషం పని కావచ్చు.

రాజీ కుదర్చాల్సింది మీరు కాదు, మీవారే. రేపటి నుంచి తిండి ఆయన చేత్తోనే పెట్టించండి. మొదటి మూడు రోజులు గిన్నె పెట్టి ఆయన వెనక్కి వచ్చేయాలి, మాట్లాడకూడదు, బస్తాల సందులోకి తొంగి చూడకూడదు. తర్వాత ఆరడుగుల దూరంలో నేల మీద పక్కకు తిరిగి కూర్చోవాలి. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి వేయకుండా ఉడికించిన చికెన్‌ను వేలిగోరంత ముక్కలు చేసి, పది పదిహేను ముక్కలు ఒక్కోటీ దాని ముందుకు జార్చాలి. మీదకు విసరొద్దు. కళ్లలోకి తేరిపార చూస్తే పిల్లికి అది బెదిరింపు. మెల్లగా కళ్లు మూసి తెరవాలి, అదీ అలాగే రెప్పలు వాల్చిందంటే కొంత తగ్గినట్టే. ప్రశాంతంగా తింటుంటే రోజుకు అరడుగు దగ్గరికి జరగవచ్చు. చెవులు వెనక్కి వాల్చినా, తోక నేలకేసి కొట్టినా, కనుపాపలు పెద్దవైనా నిన్నటి దూరానికే వెనక్కి రావాలి. ఎక్కువ మంది ఇక్కడే తొందరపడి, తింటోంది కదా అని ఎత్తుకుంటారు. అంతే, మళ్లీ బస్తాల వెనక్కి!

అదే దగ్గరికి వచ్చిన రోజున వేలు వంచి ముక్కు ఎత్తున ఉంచాలి. వాసన చూసి బుగ్గ రాస్తే గడ్డం కింద, బుగ్గల మీద రెండు మూడు సెకన్లు గోకి చేయి తీసేయాలి. ఇంకా కావాలని అదే అడుగుతుంది. పొట్ట మీద, తోక మొదట్లో ముట్టుకోవద్దు. కొన్ని పిల్లులకు వారం చాలు, కొన్నింటికి నెల పట్టవచ్చు. ఒక రోజంతా ఏమీ తినకపోతే మాత్రం డాక్టర్‌ను కలవాలి. బొద్దుగా ఉన్న పిల్లి రెండు మూడు రోజులు పస్తుంటే కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది. బుజ్జగించడానికి పాలు పోయకండి, ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి విరేచనాలు పట్టుకుంటాయి.

పేల కోసం మళ్లీ స్నానం పెట్టనక్కర్లేదు. పిల్లులకే తయారు చేసిన ఫిప్రోనిల్ చుక్కల మందు బరువును బట్టి మెడ వెనక, నాలుక అందని చోట వెంట్రుకలు విడదీసి చర్మానికి వేస్తే చాలు. అది కూడా పిల్లి ముట్టుకోనిచ్చాకే. కుక్కలకు వాడే పౌడర్లు, చుక్కల మందులు కొన్నింటిలో పర్మెత్రిన్ అనే పురుగుల మందు ఉంటుంది. అది పడితే పిల్లికి ఫిట్స్ వచ్చి చనిపోవచ్చు. మందుల షాపులో అడిగేటప్పుడు పిల్లికని చెప్పి, డబ్బా మీద పేరు చదివాకే కొనండి.