సముద్రపు రాళ్ల మీద నత్తలు చూస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది భీమిలి. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. నీట్ రాయనంటోంది. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు రాళ్ల మీద కనిపించే నత్తలు, పీతలు, నాచు గురించే చదువుతుందట. ఇందులో ఉద్యోగం ఉంటుందా? – ఒక తండ్రి

జవాబు: ఉంటుందండీ. కాకపోతే డిగ్రీ చేతికి రాగానే రాదు. పీజీ వరకూ చదివించే ఓపిక ఉంటేనే దిగండి.

మీ అమ్మాయి చూస్తున్నది కాలక్షేపం కాదు. పోటుకీ పాటుకీ మధ్య ఉన్న ఆ కాస్త మేరలో ఏ జీవి ఎంత ఎత్తున ఉంటుందో దాదాపు గీత గీసినట్టు కనిపిస్తుంది. ఎందుకలా? స్కాట్లాండ్ తీరంలో రాళ్లకు అతుక్కుని బతికే రెండు రకాల బార్నకిల్స్ మీద జోసెఫ్ కానెల్ అనే శాస్త్రవేత్త ప్రయోగాలు చేసి 1961లో ఫలితాలు ప్రచురించారు. పైవరసలోని చిన్న రకం కింద కూడా బతకగలదు, కానీ అక్కడి పెద్ద రకం దాన్ని నొక్కేసి చోటు లాక్కుంటుంది. ఆ పెద్ద రకం పైకొస్తే ఎండకు తట్టుకోలేదు. జీవావరణ శాస్త్రంలో ఇప్పటికీ పాఠంగా చెప్పే ప్రయోగమది.

ఇక జీతం సంగతి. 2019 నాటి తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్‌లో ఈ మేరను సీఆర్‌జెడ్-1బిగా గుర్తించారు. ఇక్కడ జెట్టీ కట్టాలన్నా, పైపులైన్ వేయాలన్నా అనుమతి కావాలి. దానికోసం చేసే పర్యావరణ అధ్యయనంలో ఏయే జీవులున్నాయో తేల్చి చెప్పే మనిషి అవసరం. సముద్రపు పురుగును చూసి జాతి పేరు చెప్పగలిగేవాళ్లు మన దగ్గర తక్కువే. పరిశోధన వైపు వెళ్తే సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకోవాలి. మొదట్లో నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఇస్తారు.

బీఎస్సీ జువాలజీ చేసి, మెరైన్ బయాలజీ పీజీకి కేరళలోని కొచ్చిన్ సైన్స్ అండ్ టెక్నాలజీ వర్సిటీ (కుసాట్), తమిళనాడులోని పరంగిపేట్టైలో ఉన్న అన్నామలై వర్సిటీ కేంద్రం చూడండి. స్టాటిస్టిక్స్‌ను వదలనివ్వకండి, ఈ రంగంలో లెక్క రానివాళ్లు వెనకబడిపోతారు.

రాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు ఫొటోలు తీస్తే చాలదు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే పోటుపాట్ల సమయాలు చూసుకుని, నెలనెలా అదే రాయి మీద అదే చదరంలో ఏవెన్ని ఉన్నాయో లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాయమనండి. ఒంటరిగా మాత్రం పంపొద్దు.

ఉద్యోగ భద్రతే ముఖ్యమనుకుంటే ఈఏపీసెట్ రాయించి బీఎఫ్‌ఎస్సీ (మత్స్యశాస్త్ర డిగ్రీ)లో చేర్చండి. నాలుగేళ్ల కోర్సు, మత్స్యశాఖ ఉద్యోగాలకు దారి. కాకపోతే అందులో చేపల, రొయ్యల పెంపకమే ఎక్కువ. రాళ్ల మీది నత్తలకు చోటు తక్కువ. ఈ తేడా అమ్మాయికి ముందే చెప్పండి.